కుండీ మారిన ఎడమామె

ఆ రోజుల్లో నాకు అన్నీ తెలుసు. ఇప్పుడు మా పాప రెండుసార్లు తుమ్మితే ఫోను తీసి నాలుగు చోట్ల చదివి, నాలుగింటిలోనూ వేర్వేరుగా రాసి ఉంటే ఇంకా బెంగపడి, నిద్రపోతున్న పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునే మనిషిని. కానీ బోటనీలో డిగ్రీ పూర్తిచేసి, విశాఖపట్నంలో బస్సెక్కి అరకులో దిగిన ఆ వానాకాలంలో నన్ను చూడాల్సింది. ఏ మొక్క ముందు నిలబెట్టినా దాని కుటుంబం పేరు టక్కున చెప్పేసేదాన్ని. ఎవరూ అడగకపోయినా చెప్పేసేదాన్ని. ఆ మొక్క నా చేతిలో బతుకుతుందా లేదా అన్నది వేరే సంగతి. అది మా సిలబస్‌లో లేదు.

మా ఊరికి కొంచెం ఇవతల, బొర్రా రోడ్డు మీద, పట్నం నుంచి వచ్చిన ఒకాయన టూరిస్టుల కోసం కాటేజీలు కట్టాడు. అందరం ఆయన్ని ఓనరుగారు అనేవాళ్లం. నాకక్కడ గార్డెన్ ఇన్‌చార్జి ఉద్యోగం. గార్డెన్ అంటే రెండు బంతి మడులు, ఒక కరివేపాకు చెట్టు, టూరిస్టులు సిగరెట్టు పీకలు గుచ్చే కలబంద కుండీ. ఇన్‌చార్జి అంటే నేనే నీళ్లు పొయ్యాలి, పీకలూ నేనే ఏరాలి. ఆ ఉద్యోగం కూడా ఖాయం కాదు. "ఈ సీజను చూద్దామమ్మా, పని నచ్చితే ఉంచుకుంటాను" అన్నాడు ఓనరుగారు. ఉంచుకోకపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. మా నాన్న బడిపంతులు, పెదనాన్న బడిపంతులు, మేనత్త బడిపంతులమ్మ. మా ఇంట్లో పిల్లలు పుట్టగానే చేతికి చాక్‌పీసు ఇస్తారని ఊళ్లో హాస్యం. "తోటపని సరదా తీరాక చెప్పు, బి.ఎడ్. కోచింగులో సీటు అడిగి ఉంచాను" అని నాన్న వారానికోసారి గుర్తుచేసేవారు. నాకు బడి అంటే గౌరవమే గాని, జీవితమంతా దాన్ని బయటినుంచి గౌరవించాలనుకున్నాను.

ఆ ఏడు ఓనరుగారు బెంగుళూరు వెళ్లి, అక్కడ ఏదో జపాన్ హోటల్లో ఒక కొత్త తిండి తిని, దాని విత్తనాలు తెచ్చారు. "ఎడమామె అంటారమ్మా. కాయ పచ్చిగా, లేతగా ఉండగానే కోసి, తొక్కతోనే ఉప్పునీళ్లలో ఉడకబెట్టి, గింజలు పళ్లతో లాక్కుని తింటారు. దీపావళి దాటాక నా పార్టనర్లని తీసుకొస్తున్నాను. మన తోటలోనే కాసిన ఎడమామె ప్లేటు వాళ్ల ముందు ఉండాలి. దాన్నిబట్టే నీ సంగతి తేలుద్దాం." ఆ మాటతో నా ఉద్యోగం ఒక గింజలోకి వెళ్లి కూర్చుంది.

గింజల్ని ఐస్‌క్రీము డబ్బాల్లో, ఓనరుగారు పట్నం నుంచి తెచ్చిన కొబ్బరిపీచు పొడిలో నాటాను. కొన్ని వానకి కుళ్లిపోయాయి, కొన్ని కోళ్లు తిన్నాయి. (ఆ కోళ్లు ఈ చుట్టుపక్కల జపాన్ తిండి తిన్న మొదటి ప్రాణులు.) చివరికి ఒక్క మొక్క మిగిలింది. ఆ ఒక్కదాన్నీ వంటింటి అరుగు మీద పెట్టుకుని, పొద్దున్న లేవగానే దాని మొహం చూసేదాన్ని.

అక్కడ వంట చేసేది మా ఊరి మనిషే. వరసకి నాకు అత్త. ఆమె మొగుడు గేటు దగ్గర కాపలా, కాబట్టి ఆయన మామ. అత్తకి ఆ మొక్కంటే నాకన్నా ఎక్కువ ఆసక్తి. పేరు విన్న రోజునుంచి పొయ్యి వదిలి వచ్చి దాని చుట్టూ తిరిగేది.

"ఏటన్నావే దీని పేరు?"

"ఎడమామె అత్తా."

"ఎడ మామా? కుడి మామ ఎక్కడున్నాడే?" అని, గేటు వైపు తిరిగి గట్టిగా, "ఇనబడిందా? ఇక్కడ కుండీలో ఇంకో మామ ఉన్నాడు. ఈయన నీకన్నా నయం, కదలకుండా ఉంతాడు గాని బీడీ అడగడు" అంది.

గేటు మామ అక్కడినుంచే, "ఆయనకీ నీ వంటే పెడతావు గదా, ఎన్నాళ్లు బతుకుతాడో సూద్దాం" అన్నాడు.

అలా ఆ మొక్కకి ఎడమామ అన్న పేరు స్థిరపడింది. పొద్దున్న గిన్నెలు కడుగుతూ అత్త, "మామ నీళ్లు తాగినాడేటి?" అని అడగడం, టూరిస్టులు ఎవరో ముసలాయనకి జబ్బుగా ఉందనుకుని సానుభూతి చూపించడం మామూలైపోయింది.

మొక్క మోకాలెత్తు పెరిగింది. ఆకుల మొదళ్లలో చిన్న చిన్న మొగ్గలు కనబడుతుండగానే కింది ఆకులు పసుపు తిరగడం మొదలెట్టాయి. నీళ్లు పోస్తే పోసినట్టే అడుగునుంచి కారిపోతున్నాయి. డబ్బా ఎత్తి చూస్తే కన్నంలోంచి వేళ్లు బయటికొచ్చి, అరుగు మీద నెమ్మదిగా పాకుతున్నాయి. డబ్బా చాలలేదు, కుండీ మార్చాలి. మొగ్గ మీదున్న మొక్కని కదపడం మంచిది కాదని చదివాను. కదపకపోతే ఎలాగూ చస్తుందని కళ్లతో చూస్తున్నాను. ఒక రోజంతా దాని చుట్టూ తిరిగి, మర్నాడు ధైర్యం చేశాను.

గేటు మామ పాత నీలం డ్రమ్ముని సగానికి కోసిచ్చాడు. ఇనుప ఊచ పొయ్యిలో కాల్చి అడుగున కన్నాలు పెట్టాం. కన్నాల మీద పెంకుముక్కలు పరిచాను. కొబ్బరిపీచు పొడి బస్తా చూస్తే వానకి తడిసి బూజు పట్టి ఉంది. "దానికేటే, మా మెట్టలో మన్ను లేదేటి" అని అత్త తన చేనుకి వెళ్లి, ఎర్రమట్టి రెండు తట్టలు, చివికిన పెంట ఒక తట్ట తెచ్చింది. రెండూ కలిపి పిసికితే ఆ వాసనకి నాకే తినాలనిపించింది. డ్రమ్ము సగం నింపి, మొక్కకి నీళ్లు పెట్టి, డబ్బాని పక్కలనుంచి కత్తితో కోసి, వేళ్ల ముద్దతో సహా మొక్కని బయటికి తీశాను. వేళ్లు లోపల గుండ్రంగా, జడ చుట్టినట్టు చుట్టుకుని ఉన్నాయి. ఆ వేళ్ల నిండా ఆవాలంతవి, మిరియాలంతవి బుడిపెలు.

అత్త వంగి చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఓలమ్మ. ఇది పైన కాయదే. సెనక్కాయల్లాగ కిందనే కాసీసినాది."

గేటు మామ గేటు వదిలేసి వచ్చాడు. నాలుగో కాటేజీలో దిగిన దంపతులు టీ గ్లాసులతో వచ్చారు. డిగ్రీలో మూడేళ్లు బొమ్మల్లో చూసిన వేరు బుడిపెలు మొదటిసారి నా చేతిలో ఉన్నాయి, చుట్టూ మనుషులు వినడానికి సిద్ధంగా ఉన్నారు. ఇక నన్ను ఆపడం ఎవరి తరం? మొక్కని మెడ దగ్గర పట్టుకుని, గాలిలో నత్రజని ఎలా ఉంటుందో, ఈ బుడిపెల్లో సూక్ష్మజీవులు కాపురముండి ఆ నత్రజనిని మొక్కకి ఎలా వండిపెడతాయో, అందుకు మొక్క వాటికి పంచదార ఎలా ఇస్తుందో చెప్పుకుంటూ పోయాను. ఒక బుడిపెని గోటితో చిదిమి, లోపల ఎర్రగా ఉందంటే అది బాగా పనిచేస్తున్నట్టని చూపించాను. దంపతుల్లో ఆవిడ ఫోటో తీసుకుంది. బడిపంతుళ్ల రక్తం నాలో ఎంత ఉందో నాన్న ఆ పూట చూసి ఉంటే ఏ కోచింగూ లేకుండానే ఉద్యోగమిచ్చేసేవారు.

"అయితే ఈ మామ అసలు ఏ జాతే?" అంది అత్త.

"కొత్తదేం కాదత్తా. ఇది సోయా చిక్కుడే. కాయ లేతగా ఉన్నప్పుడు తింటే ఎడమామె అంటారు, అంతే."

అత్త మొహంలో నవ్వు కొంచెం తగ్గింది. నేను పట్టించుకోలేదు. "ఉపన్నేసం సాల్లే, ముందు మొక్కని దించు, వాడిపోతన్నాది" అన్నాడు గేటు మామ. చూస్తే నిజమే, ఎండలో వేళ్లు తెల్లబారి, ఆకులు తడిగుడ్డల్లా వేలాడిపోతున్నాయి. గబగబా డ్రమ్ములో దించి, మొదలు పాత లోతుకే ఉండేలా మట్టి కప్పి, పుల్ల పాతి కట్టి, నీళ్లు పోసి, నలుగురం కలిసి ఈడ్చి వసారా నీడలో పెట్టాం. రెండు రోజులు ఆ మొక్క నాతో మాట్లాడలేదు. మొగ్గలు కొన్ని రాల్చింది. తర్వాత ఒక పొద్దున్న ఆకులు పైకెత్తి నిలబడింది. నేను వంటింట్లోకి పరుగెత్తి, "అత్తా, మామ లేచాడు" అని అరిచాను. టిఫిను తింటున్న టూరిస్టులు కూడా సంతోషించారు.

ఆ తర్వాత దాని పెరుగుదల చూసి తీరాలి. ఆకులు అరచేతంత అయ్యాయి. కంటికి కనబడీ కనబడని ఊదా పూలు పూసి, వాటి వెనకే నూగు నూగు కాయలు గుత్తులు గుత్తులుగా వచ్చాయి. దీపావళి దగ్గరపడింది. వేలితో నొక్కితే లోపల గింజ తెలుస్తోంది. అంటే సరిగ్గా ఓనరుగారి పార్టనర్లు వచ్చే వేళకి సరిపోతుంది. పండగ వెళ్లాక ఒక సాయంత్రం, "అత్తా, ఆదివారం వాళ్లొస్తున్నారు, కోసి ఇస్తాను, ఉప్పు వేసి ఉడకబెడితే చాలు" అన్నాను.

అత్త బియ్యంలో రాళ్లు ఏరడం ఆపలేదు. "నానెలగ ఉడకబెడతానే? సిక్కుడని నువ్వే సెప్పినావు గదా. సిక్కుడు కొత్త ఇంకా అవనేదు."

మా వైపు తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మాకు ఏ పంట చేతికొచ్చినా ముందు 'కొత్త' జరగాలి. ఊరంతా ఒక రోజు అనుకుని, కొత్త పంట వండి, మొదట దేవతకి, తర్వాత పోయిన పెద్దలకి పెట్టి, ఆ తర్వాతే మేం నోట్లో పెట్టుకుంటాం. సామకి సామ కొత్త, కందికి కంది కొత్త, చిక్కుడికి చిక్కుడు కొత్త. కొత్త కాకుండా కొయ్యకూడదు, వండకూడదు. నేనూ ఆ ఊరి పిల్లనే, పుట్టినప్పటినుంచి పాటించినదే. కానీ నా బుర్రలో చిక్కుడు అంటే పందిరి మీద కాసేది. పాఠంలో చదివిన సోయా చిక్కుడులో ఆ చిక్కుడు ఉందని నాకు ఎప్పుడూ తట్టలేదు. సోయాబీన్ అని ఒక్క ఇంగ్లీషు ముక్క వాడి ఉంటే ఏ గొడవా లేకపోయేది. ఆ రోజు టూరిస్టుల ముందు చక్కగా తెలుగులో చెబుదామనిపించింది.

"అది వేరే అత్తా. ఇది మీల్‌మేకర్ చెట్టు. నువ్వు కూరొండుతావే, మీల్‌మేకరు, అది దీన్నించే చేస్తారు."

ఇది ఇంకా పెద్ద పొరపాటు. అత్త చాట కింద పెట్టింది. "మీలుమేకరు సిక్కుళ్లతో సేత్తారా? అయితే యిన్నేళ్లూ కొత్త అవ్వకుండా సిక్కుళ్లు తినీసినామేటి?" గేటు మామ గుమ్మంలో నిలబడి, "హాస్టల్లో గుంటలందరికీ బుధవారం అదే పెడతారు" అని ఇంకొంచెం ఆజ్యం పోశాడు. రాత్రికల్లా ఊళ్లో సగం మంది తమ మీల్‌మేకరు పాపాలు తలుచుకుంటున్నారు.

ఇక తేల్చవలసింది దిసారి తాత. దిసారి అంటే మా ఊళ్లో ముహూర్తాలు పెట్టే పెద్ద. నేనే వెళ్లాను. ఆయన వాకిట్లో చీపురుపుల్లలు కట్టుకుంటున్నాడు. సంగతంతా చెప్పి, "తాతా, ఈసారి చిక్కుడు కొత్త ఓ నెలా పదిరోజులు ముందుకి జరపకూడదా?" అన్నాను.

ఆయన నన్ను కిందనుంచి పైకి చూశాడు. "నీ ఒక్క కుండీ కోసం ఊరి సిక్కుళ్లన్నీ బేగి ముదరాలేటి?"

కాని ఆయనకీ మొక్కని చూడాలనే ఉంది. ఆ సాయంత్రమే వచ్చాడు. డ్రమ్ము చుట్టూ తిరిగి, కాయ నూగు నిమిరి, ఆకు వాసన చూసి, "పందిరి ఎక్కుతాదా?" అన్నాడు.

"ఎక్కదు తాతా." నాకు ఆశ పుట్టింది.

"ఇత్తనం ఎక్కడిది?"

"జపాను."

"అలగైతే మనకి సంబందం లేదు" అన్నాడు. నేను ఊపిరి పీల్చుకునేలోపు వంగి మట్టి పిడికిలితో తీసి చూశాడు. "ఇది ఎవులి మన్ను?"

"మా మెట్టలోది" అంది అత్త, కొంచెం గర్వంగా.

తాత తల ఊపాడు. "ఆ పీసుపొట్టులోనే ఉండుంటే సుట్టపుసూపుకి ఒచ్చినట్టే. తిన్నా తినకపోయినా మనకెందుకు. ఇప్పుడు మన మన్ను తాగీసినాది, మన పెంట తినీసినాది. ఈ ఊరి మొక్క అయిపోనాది." కుండీ మార్చి బతికించాననుకున్నాను గాని, నా చేతులతోనే దానికి ఊళ్లో ఇల్లిచ్చానని నాకు అప్పుడు తెలిసింది. ఆయన మట్టి చేతులు దులుపుకుంటూ, "ఊరు మనదే గాని జాతి ఏటో నాకు తెల్దు. ఈ మొక్కని నానెప్పుడూ సూళ్లేదు. నువ్వు సదువుకున్నావు గదా, నీ పుస్తకం ఏటంటాదో సెప్పు. సిక్కుడు కాదంటే కోసీసుకో" అన్నాడు.

అందరూ నా వైపు చూస్తున్నారు. కాదు అన్న ఒక్క మాట చాలు. అత్త ఉడకబెట్టేస్తుంది, పార్టనర్లు తినేస్తారు, నా ఉద్యోగం నాకుంటుంది. ఎవరికీ ఏ నష్టమూ లేదు. కాని పాఠకులారా, నన్ను మొక్క కుటుంబం అడిగారు. మూడేళ్లు నేను ఎదురుచూసిన ప్రశ్న అది. నోరు దానంతటదే తెరుచుకుంది. "ఫాబేసీ తాతా. తెలుగులో చిక్కుడు కుటుంబం."

"మరింకేటి" అన్నాడు తాత, అత్త ఇచ్చిన టీ అందుకుంటూ.

ఆదివారం ఓనరుగారు ఇద్దరు పార్టనర్లతో దిగారు. భోజనాల బల్ల మీద అన్నీ వచ్చాయి. బొంగు చికెన్ వచ్చింది, రాగి సంకటి వచ్చింది. ఓనరుగారు వంటింటి వైపు రెండుసార్లు చూసి నన్ను పిలిచారు.

"ఏమ్మా, ఎడమామె ఏది?"

"మొక్కకే ఉందండీ."

"కొయ్యలేదా?"

"చిక్కుడు కొత్త కాలేదండీ."

పార్టనర్లకి అర్థం కాలేదు. ఓనరుగారికి అయింది, అందుకే మొహం ఎర్రబడింది. "అది ఊళ్లోవాళ్ల పంటకి కదమ్మా. ఇది నా విత్తనం, నా కుండీ."

వంటింటి గుమ్మంలోంచి అత్త నెమ్మదిగా అంది. "కుండీ మీదే బాబూ. మన్ను మాది."

ఆయన నా వైపు తిరిగారు. "నువ్వు బోటనీ చదివినదానివి. వాళ్లంటే సరే. నువ్వు చెప్పు, ఇది చిక్కుడేనా?"

బి.ఎడ్. కోచింగు సెంటరు బోర్డు కళ్లముందు స్పష్టంగా కనబడుతోంది. అయినా గొంతు మాత్రం పరీక్ష హాల్లో వైవా చెప్పినట్టే వచ్చింది. "బోటనీ ప్రకారం కూడా చిక్కుడు కుటుంబమేనండీ. ఆకు, పువ్వు, కాయ, వేరు బుడిపెలు, ఏది చూసినా అంతే. కావాలంటే వేరు చూపిస్తానండీ."

పార్టనర్లలో లావుపాటాయన చేయి కడుక్కుని లేచి, "వేరొద్దులేమ్మా, కాయ చూపించు చాలు" అన్నాడు. అందరూ డ్రమ్ము దగ్గరికి వచ్చారు. ఆయన అడగడం మొదలెట్టాడు. కొత్త అంటే ఏం చేస్తారు, ఎవరు పెడతారు, ఇంకా వేటికి ఉంటాయి, మామిడికీ ఉంటుందా. నేను చెబుతూనే ఉన్నాను, మధ్యలో అత్త సరిదిద్దుతూనే ఉంది. గేటు మామ కూడా గేటు వదిలేశాడు. భోజనాలు చల్లారిపోయాయి.

వెళ్లేముందు ఓనరుగారు నన్ను పక్కకి పిలిచారు. "నిన్ను తోటలో పెట్టడం నా తప్పు" అన్నారు. నేను తల దించుకున్నాను. "రేపటినుంచి ఆఫీసు గదిలో కూర్చో. వచ్చినవాళ్లకి ఇక్కడ ఏది ఎప్పుడు తినాలో, ఎందుకు తినకూడదో నువ్వే చెప్పు. తోటకి ఇంకెవరినైనా చూస్తాను, తక్కువ మాట్లాడేవాళ్లని." పెళ్లయి విశాఖపట్నం వచ్చేదాకా ఆ గదిలోనే పనిచేశాను. నాన్న అడిగి ఉంచిన సీటు ఎవరికి వెళ్లిందో, వాళ్లకి మంచి బడి దొరికే ఉంటుందని ఆశిస్తాను.

చిక్కుడు కొత్త నెల దాటాక వచ్చింది. ఎడమామె అంటేనే లేత కాయ. లేతగా ఉన్న గడువులో దాన్ని మేం కొయ్యలేదు. కాయలు గోధుమరంగు తిరిగి, కదిపితే గలగలమంటున్నాయి. అత్త ఆ గింజల్ని కూడా చిక్కుడు గింజలతో కలిపి కుండలో వేసింది. చిక్కుళ్లు వెన్నలా ఉడికాయి, ఇవి మాత్రం గులకరాళ్లలాగే ఉండిపోయాయి. దేవతకి పెట్టారు, పెద్దలకి పెట్టారు, అడ్డాకు విస్తట్లో నాకూ పడ్డాయి. పక్కన గేటు మామ దవడ పట్టుకుని, "ఈ మామ నాకన్నా మొండోడు" అన్నాడు. నేను మాత్రం ఒక్క గింజా వదలకుండా, పళ్లు నొప్పెట్టినా నమిలి మింగాను.

లేత ఎడమామె రుచి నాకు ఇప్పటికీ తెలియదు. ఇక్కడి పెద్ద షాపులో ఐసుపెట్టెలో పాకెట్లు చూశాను, ఒకసారి చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాను. ఎప్పుడైనా ఆ భోజనాల బల్ల ముందు నిలబడిన పిల్ల గుర్తొస్తుంది. అదే ప్రశ్న ఇప్పుడు నన్నెవరైనా అడిగితే, ఒక్క నిమిషం ఉండండి, చూసి చెబుతాను అని ఫోను తీస్తాను. ఆ పిల్ల చూడలేదు, ఆగలేదు. ఉద్యోగం పోతుందని తెలిసి కూడా చిక్కుడు కుటుంబమేనని చెప్పేసింది. ఎంత తిక్క పిల్లో అనుకుంటాను. ఆ తిక్క నాలో ఇంకెక్కడైనా మిగిలుందేమోనని కాసేపు వెతుక్కుంటాను కూడా.